షాఫ్టు కొసన బొట్టు

మొన్న తిరువూరులో కడుపు స్కానింగుకు వెళ్తే, అక్కడి అమ్మాయి చల్లటి జెల్లు పూసి, "ఊపిరి బిగబట్టండి తాతయ్యగారూ" అంటూ చేతిలోని పరికరాన్ని ఆనించి తిప్పుతుంటే నాకు నవ్వొచ్చింది. ఉద్యోగమున్నన్నాళ్ళూ నేను ఇనుముకు చేసిన వైద్యం సరిగ్గా ఇదే మరి.

మన వయసువాళ్ళకు స్కానింగులు కొత్త కాదు గానీ, ఇనుముకూ చేస్తారని చాలామందికి తెలియదు. ఏళ్ళ తరబడి తిరిగి అలిసిపోయిన ఇనుము పైకి నున్నగా కనిపిస్తూనే లోలోపల చీలుతుంది. చెవికి వినపడని శబ్దాన్ని అందులోకి పంపితే అది అవతలి కొసను తాకి తిరిగొస్తుంది, పగులుంటే మాత్రం దారిలోనే వెనుదిరుగుతుంది. కోయకుండా, విరవకుండా ఆ పగులును పట్టుకోవడమే మా పని.

అప్పట్లో మా పెద్దక్క వాళ్ళకు ఊళ్ళో రైసు మిల్లుండేది. బావగారు కుర్చీ వేసుకుని కూర్చునేది పెద్ద పుల్లీ పక్కనే. పుల్లీని మోసే ఇనుప ఇరుసు, అదే షాఫ్టు, విరిగితే ఆ పుల్లీ ఎవరి మీదికొస్తుందో వేరేచోట కళ్ళారా చూసినవాణ్ణి కనుక, ఒక కోతల కాలంలో మధ్యాహ్నం అన్నాల వేళ మిల్లు ఆపగానే తెర ఉన్న నా పరీక్ష పెట్టె దించాను. తీరా చూస్తే, పరికరం ఆనించాల్సిన షాఫ్టు కొస మీద దసరా దసరాకీ వేసిన రంగు అట్టలు కట్టి ఉంది, దానిమీద శుక్రవారం శుక్రవారం అక్క పెట్టిన పసుపు, కుంకుమ. ఆ పెచ్చుల్లోంచి శబ్దం పోదు, గీకాలన్నాను.

"నిక్షేపంలా తిరుగుతోంది కదా బావా! అమ్మవారి బొట్టు గీకుతావా?" అన్నారు బావగారు. వెన్నలాంటి మనిషే గానీ మొండికేస్తే బ్రహ్మదేవుడు చెప్పినా వినరు. నేను పెట్టె సర్దుకుంటుంటే అక్క వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, "తప్పైతే నాది తల్లీ" అని దండం పెట్టుకుని తానే గీకేసింది.

శబ్దం సగం దారిలోనే తిరిగొచ్చింది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టి, ఇక మిల్లు తిప్పొద్దన్నాను.

గుమ్మం దాకా వడ్ల బస్తాలుండగా మిల్లు ఆపించానని, విప్పితే పైకి చిన్న గీత కూడా కనపడలేదని, బావగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పంతం కొద్దీ ఆ షాఫ్టును విస్సన్నపేట లేతు మిషను దగ్గరికి తీసుకెళ్ళి, నేను సుద్దతో గుర్తు పెట్టినచోట కోయించారు. లోపల సగానికి పైగా చీలి ఉంది. తిరిగొచ్చి, ఖాళీగా ఉన్న తన కుర్చీ వంక చూసి, నా చెయ్యి పట్టుకున్నారు. ఆ తరవాత అక్క కొత్త షాఫ్టు కొసను ఖాళీగా ఉంచి, పుల్లీకి బొట్టు పెట్టేది. ఎవరైనా అడిగితే, "అక్కడ మా తమ్ముడు చూసుకోవాలి" అనేది.

ఇప్పుడు మిల్లు లేదు, వాళ్ళిద్దరూ లేరు. నేటి యంత్రాలు లోపలి పగులును రంగుల్లో చూపించి, రిపోర్టు అచ్చేసి చేతికిస్తాయి. మనిషి మాట నమ్మాల్సిన పనే లేదు. మా అక్కకు ఆ తెర మీది గీతల్లో ఒక్కటీ అర్థం కాలేదు. తమ్ముడు చెప్పాడు, ఆమెకు అంతే చాలు. ఇప్పుడు నేనేం చెప్పినా, మా ఇంట్లోవాళ్ళు ముందు ఫోనులో చూసుకుంటారు.