గాలి తీసిన రోజు

రేణిగుంట రోడ్డులో మా షెడ్డు. లారీలకు, బస్సులకు బ్రేకు సిలిండర్లు విప్పి రబ్బరు సీళ్లు మార్చడం నా పని. మార్చాక పైపుల్లో చిక్కుకున్న గాలిని బయటికి పంపాలి. దాన్ని మేం గాలి తీయడం అంటాం. పల్లెల్లో దయ్యాన్ని కూడా గాలి అనే అంటారన్న సంగతి ఆ రోజు నాకు తట్టనే లేదు.

ఎనభైల మొదట్లో, తడ దగ్గరి రొయ్యల వ్యాపారి ఒకాయన కబురు పంపాడు. మద్రాసు హార్బరులో పాత లాంచి కొన్నాడట, స్టీరింగు నిలవడం లేదట. లాంచి స్టీరింగూ బ్రేకులాగే నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. "గాలి చేరి ఉంటాది, వచ్చి తీసేస్తానని చెప్పు" అన్నాను వచ్చిన మనిషితో.

నేను వెళ్లేసరికి లాంచి కట్టేసిన సరస్సు ఒడ్డున కర్పూరం, వేపమండలు, నిమ్మకాయలు సిద్ధంగా ఉన్నాయి. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"నేను తెచ్చింది స్పానర్లప్పా, తాయెత్తులు కాదు."

ఎవరూ నవ్వలేదు. లాంచి నడిపే మనిషి దగ్గరికొచ్చాడు. "ముందర మా బావ నడిపేవాడన్నా దీన్ని. సముద్రం కలిసే కాడ నీళ్లలో పడినాడు. శవం కూడా దొరకలా. అప్పటినించీ చక్రం దానంతటదే ఎడమకి తిరగతా ఉండాది. ఆ చోటు ఆపక్కే."

లాంచి ఎక్కాను. నీళ్లు కదలడం లేదు. ఎవరూ ముట్టకుండానే చక్రం జానెడు ఎడమకు తిరిగి ఆగింది. సీలు అరిగితే చుక్కాని మీది ఒత్తిడి వెనక్కొచ్చి చక్రాన్ని తిప్పుతుంది, నిజమే. కానీ చుక్కానిని నెట్టడానికి అల ఉండాలి కదా! భయం బయటపడకుండా పనిలో పడ్డాను.

చక్రం దగ్గరా, చుక్కాని దగ్గరా సీళ్లు మార్చి నూనె నింపాను. ఇక గాలి తీయాలి. ఒకరు చక్రం తిప్పుతుంటే ఇంకొకరు వెనక మర వదులు చేసి బుడగల్ని పోనివ్వాలి. గాలి తీసేటప్పుడు చక్రం ముట్టనన్నాడు లాంచి నడిపే మనిషి. ఒడ్డున నిలబడ్డ అతని అక్క, ఆ పోయినవాడి భార్య, లాంచి ఎక్కింది.

"తీసేస్తే ఆయన పోతాడా అన్నా?"

"అది ఉత్త గాలేనమ్మా."

"తియ్యకుంటే?"

"నీ తమ్ముడు కూడా ఒకనాడు ఆడికే పోతాడు."

కటువుగానే అన్నాను. ఆమె తమ్ముడి వంక చూసి, చక్రం మీద చేతులు వేసింది.

మర వదిలాను. గొట్టంలోంచి బుడగలు సీసాలో గుడగుడమన్నాయి.

"వస్తా ఉండాడా?"

"వస్తా ఉండాది" అన్నాను విసుగ్గా.

ఆమె ఇటు తిప్పింది, అటు తిప్పింది. బుడగలు ఆగడం లేదు. ఆ కాస్త పైపులో అంత గాలి ఎక్కడిది? ఏ లారీలోనూ నేను చూడలేదు. తిప్పినప్పుడల్లా "ఇంకా ఉండాడా?" అంటోంది. "ఉండాది" అంటున్నాను. పోనుపోను నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

చివరికి బుడగ లేకుండా ఒట్టి నూనె వచ్చింది. మర బిగించాను. ఆమె చేతులు తీసేసి చక్రం ముందు నిలబడింది. అది కదల్లేదు. కదులుతుందేమోనని ఆమె చాలాసేపు చూసింది. నేనూ చూశాను.

"ఉండాడా అన్నా?"

సీళ్లు గట్టిగా కూర్చున్నాయని చెప్పబోయాను.

"పోయినాడమ్మా" అన్నాను.