పడుగు పోగు అటు కొస

డెబ్బైల చివర్లో మా నాయిన కంటికి శుక్లం తీశారు. ఇప్పటిలా పొద్దున పోయి మధ్యాహ్నానికి ఇల్లు చేరే పని కాదు. కళ్లకు కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, వారం పాటు ఆసుపత్రి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తల కదిలితే కుట్లు తెగుతాయనీ, తెగితే కన్ను పోయినట్టేననీ డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. రెండో కన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలింది ఇదొక్కటే.

కాశిబుగ్గలో పుట్టి, బుద్ధెరిగినప్పటి నుంచీ మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఊరికే పడుకోవడం చేతనవుతుందా? చేతులు గాలిలో వెతికేవి. కాళ్లు తొక్కుడు చెక్కల కోసం ఆడేవి. వాటి వెంట మెడ లేచేది. రేడియో పెట్టి చూశాను. చిరాకు ఇంకా ఎక్కువైంది. ఆ కన్ను పోతుందేమోనని నాకు చచ్చేంత భయం. భయమేస్తే కసురుకోవడం నా గుణం.

“కన్ను పోగొట్టుకుంటవా నాయినా? జర కదలకుండ పండుకోరాదు?”

“చేతులు ఖాళీగుంటే పానం నిలుస్తలేదు బిడ్డా” అన్నాడు.

అప్పుడు తట్టింది. ఇంటికి పోయి చేతికందిన నూలు తెచ్చి, ఒక కొస మంచం కడ్డీకి కట్టి, రెండో కొస ఆయన వేళ్లకు అందించాను. ఒక్కసారి నలిపి విసిరికొట్టాడు.

“పేక దారం తెచ్చినవా? మగ్గమున్న ఇంట్లనే పుట్టినవా నువ్వు?”

తొందరలో అడ్డంగా నేసే, గంజి పెట్టని మెత్తటి పేకను తెచ్చానన్నమాట. సిగ్గుతో మళ్లీ పోయి, మగ్గం మీద నిలువుగా బిగించే, గంజి పట్టించిన పడుగు పోగులు తెచ్చాను. వాటినీ కడ్డీకే కడితే బిగువు కుదరలేదు. మగ్గం మీది పోగు లాగితే కొంచెం వస్తుంది, వదిలితే కొంచెం పోతుంది. కడ్డీకి అదేం తెలుసు? కొస నేనే పట్టుకుని కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆయన లాగితే వదిలాను, వదిలితే లాగాను. తెగిన పోగులు అతుకుతున్నట్టు ఆయన వేళ్లు మెలిపెట్టసాగాయి. కాసేపటికి మెడ దిండుకు ఆనింది. ఊపిరి నెమ్మదించింది.

వారమంతా అదే పని. నడుము పట్టేసింది, అప్పుడప్పుడు కునుకు కూడా తీశాను. అయినా నాయినకు మగ్గమని నమ్మించానని లోలోపల తెగ మురిసిపోయాను.

కట్టు విప్పారు. కన్ను నిలిచింది. నీళ్లు కారే ఆ కంటితో నన్నే చూశాడు. ఆగలేక అడిగాను.

“మగ్గం మీదున్నట్టే అనిపించింది కదా నాయినా?”

“మగ్గం కునికిపాట్లు పడతదా?” అని నవ్వాడు. “అటు కొసకు నువ్వున్నవని ఎరుకే. నేను మెడ లేపినప్పుడల్లా పోగు వణికేది బిడ్డా. నువ్వు బుగులు పడుతున్నవని కదలకుండ పండుకున్న.”