కెమెరా తిప్పింది ఎవరు

ఖమ్మం జిల్లా ఆఫీసుతో వీడియో మీటింగు ముగిసి పావుగంటయింది. తెర నల్లగా ఉంది. కాన్ఫరెన్స్ గదిలో మిగిలినవాళ్లు టీ తాగుతూ ఖమ్మంలోని పెద్దసారును తిట్టుకుంటున్నారు. కెమెరా తనంతట తానే తిరిగి, అందరికంటే గట్టిగా తిడుతున్న గుమాస్తా భద్రు మీద ఆగింది. మూడో రోజు అతనికి మెమో వచ్చింది. అన్న మాటలు పొల్లుపోకుండా అందులో ఉన్నాయి.

అది 2008. భద్రాచలం రోడ్డులో అడవి మొదలయ్యే చోటి ఆఫీసు. పేరు ఇక్కడ అనవసరం. ఆ గది యంత్రాలు చూసే కాంట్రాక్టు ఆపరేటర్ యోనా. అనుమానం అతని మీదికే పోయింది. నెలాఖరుకు అతని కాంట్రాక్టు రెన్యువల్ ఉంది.

“తిప్పెటోనివి నువ్వు. మాటలు మోసెటోడు ఇంకెవడు?” అన్నాడు సూపరింటెండెంట్ వెంకటనారాయణ.

“రిమోట్ మీ సొరుగులనే ఉన్నది గద సార్.”

“అవ్, తెలివికేం తక్కువ లేదు.”

యోనా రెండు రోజులు తవ్వి చూశాడు. నెట్‌వర్కులో ఉన్న ఏ కంప్యూటర్ నుంచైనా మీటింగు నడిపే పెట్టెకు ఆదేశాలు పంపి కెమెరా తిప్పొచ్చు, మైకులో మాటలు వినొచ్చు. జిల్లా మొత్తానికి ఒకటే పాస్‌వర్డ్. ఆదేశాలు పోస్టుకార్డులా దారంతా తెరిచే వెళతాయి. ఆ దారి మూసేసి, సీలు వేసిన కవరులా వెళ్లే ఎస్సెస్‌హెచ్ అనే దారి పెడతానన్నాడు. తనకు, సూపరింటెండెంటుకు, ఖమ్మం ఇంజనీరుకు వేర్వేరు పేర్లు, వేర్వేరు పాస్‌వర్డులు. ఎవరు, ఎప్పుడు, ఎక్కణ్నుంచి వచ్చారో పెట్టే రాసుకుంటుంది.

యోనా తండ్రి బెంజమిన్ ఇల్లందులో బొగ్గు గని కార్మికుడు. ల్యాంప్ రూములో నంబరు బిళ్ల ఇచ్చి దీపం తీసుకుని గనిలోకి దిగేవాడు. ఆ బిళ్ల తమ్ముడికి కూడా ఇవ్వలేదు. పైకప్పు కూలితే లోపల ఎవరున్నారో బిళ్లే చెబుతుందని, అది చేతులు మారితే తప్పు ఇంట్లో ఏడుస్తారని అనేవాడు.

“తాళం నీ చేతుల పెట్టుకోటానికా గిదంత?” అన్నాడు వెంకటనారాయణ. చివరికి ఒప్పుకుని, యోనాను గోడవైపు తిరిగి నిలబడమని, తన పాస్‌వర్డ్ తానే కొట్టుకున్నాడు.

తర్వాతి సోమవారం మీటింగు ముగిశాక కెమెరా మళ్లీ కదిలింది. ఈసారి యోనా మీద ఆగింది. టీ గ్లాసులు గాల్లోనే ఉండిపోయాయి.

యోనా అక్కడికక్కడే పెట్టె రాసుకున్నదాన్ని ప్రింటు తీశాడు. పదకొండు ఇరవై. వచ్చింది ఖమ్మం నుంచి. పేరు వెంకటనారాయణది.

“నేనీడనే ఉన్న గదా!”

“పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పిన్రా సార్?”

వెంకటనారాయణ మెడ తుడుచుకున్నాడు. “పెద్దసార్ పీఏ ఫోన్ల అడిగిండు. పైనోళ్లు అడిగితే ఇయ్యనని ఎట్లంటం?”

“మా మీద కన్నేయనీకి తలుపు మీరే తీసిన్రన్నట్టు,” అన్నాడు భద్రు.

అందరూ వెళ్లాక వెంకటనారాయణ చెయ్యి చాపాడు. “గా కాయితం ఇటియ్యి. నీ రెన్యువల్ ఫైలు నా బల్ల మీదనే ఉన్నది.”

యోనా ఇచ్చేశాడు. “రెండో కాపీ భద్రు తీస్కపోయిండు సార్.”

సాయంత్రానికి ఫైలు మీద సంతకం పడింది. భద్రు మెమోకి జవాబు ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మీటింగు అయిపోగానే యోనా మైకు తీగ పీకి, కెమెరా మీద తువ్వాలు కప్పుతాడు. అది చూశాకే వెంకటనారాయణ టీ గ్లాసు అందుకుంటాడు.