టాంకు మూత లోపలి మాట

మా మేనమామ పోయాడన్న ఫోను జగిత్యాలలో, తొమ్మిదో తరగతికి లెక్కలు చెబుతుండగా వచ్చింది. క్లాసులో ఉన్నప్పుడు నేను ఫోను ఎత్తను. మూడోసారి మోగేసరికి వరండాలోకి వచ్చి ఎత్తాను. మామ కొడుకు.

"వదినె, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, కూసున్నట్టే పోయిండు. రెండింటికల్ల తీస్కపోవాలంటున్నరు. అత్తను తోల్కొని జల్ది రా" అన్నాడు.

అత్త అంటే మా అమ్మ. మామకు ఒక్కతే అక్క. కోరుట్లలో నా దగ్గరే ఉంటుంది.

నేను మళ్లీ క్లాసులోకి వెళ్లి, బోర్డు మీద సగంలో ఉన్న లెక్క పూర్తి చేశాను. జవాబు కింద గీత కూడా కొట్టాను. ఎందుకు చేశానో ఇప్పటికీ తెలియదు. ఏడుపు రాలేదు. పంటి డాక్టరు సూది వేశాక చెంప ఎట్లా ఉంటుందో, ఒళ్లంతా అట్లా ఉంది. హెడ్మాస్టరుకు చెప్పి బయటికి వచ్చి, కారు చుట్టూ ఒక తిరుగు తిరిగాను. నాలుగు టైర్లు చూశాను. వంగి కింద చూశాను. అప్పుడు ఎక్కి తాళం తిప్పాను. ఆ తిరుగుడు నేర్పిన మనిషి పోయాడన్న సంగతి నా కాళ్లకింకా చేరలేదు.

మామ సిరిసిల్లలో ఉండేవాడు. మా తాత రుద్రంగి దిక్కు తాళ్లెక్కి కల్లు గీసిన మనిషి. మామ చెట్టెక్కలేదు, జీపెక్కాడు. ఇరవై ఏళ్లు కిరాయి జీపు నడిపి, తర్వాత ఓ బడి బస్సు నడిపాడు. కానీ తాత పద్ధతి మామను వదల్లేదు. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే తాడును మోకు అంటారు. తాత రోజూ పొద్దున దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమి చూసేవాడట. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి పైకి చూసేవాడట. ఆ తర్వాతే ఎక్కడం. "మోకు నిన్న మంచిగుండె. ఇయ్యాల సంగతి ఇయ్యాలనే చూడాలె" అనేది తాత మాట. మామ దాన్ని బండికి తెచ్చుకున్నాడు. చూసినవాళ్లు బండికి ప్రదక్షిణ చేస్తున్నాడనుకునేవాళ్లు. మామ ఆ తిరుగుడులో గాలి తగ్గిన టైరు, కింద కారిన నూనె, చక్రం వెనక పడుకున్న కుక్కపిల్ల, ఆడుకుంటూ వచ్చి కూర్చున్న పిల్లవాడు, అన్నీ చూసుకునేవాడు. దండం మాత్రం పెట్టేవాడు కాదు.

మూడేళ్ల కింద మా ఆయన మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి ఈ కారు కొన్నాడు. నెల రోజులు తిప్పి మళ్లీ మస్కట్ వెళ్లిపోయాడు. కారు కోరుట్లలో మా ఇంటి ముందు కవరు కప్పుకుని నిలబడింది. దాని కింద కోళ్లు గుడ్లు పెట్టాయి. ఎదురింటామె "కారు గొన్నరా, కోళ్లగూడు గొన్నరా?" అని నవ్వింది. నాకు ఒళ్లు మండి మామకు ఫోను చేశాను. ఆదివారం పొద్దున బస్సు దిగి వచ్చాడు. కవరు తీసి, గుడ్లు ఏరి అమ్మ చేతిలో పెట్టి, "పా బిడ్డా" అన్నాడు.

నడపడం నేర్పుతాడనుకుంటే రెండు ఆదివారాలు నన్ను తాళం ముట్టనియ్యలేదు. బానెట్ ఎత్తి ఇంజనాయిలు పుల్ల తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడమన్నాడు. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలన్నాడు. స్టెప్నీ బయటికి తీయించి, అందులో కూడా గాలి చూపించాడు. "స్టెప్నీల గాలి లేకుంటే గది టైరు గాదు, డిక్కీల బరువు" అన్నాడు. రేడియేటరు దగ్గరికి వచ్చేసరికి ఎడమచేతి చొక్కా పైకి మడిచి, మోచేతి దాకా పాకిన కాలిన మచ్చ చూపించాడు. ఎండాకాలం, జాతర కిరాయి, జీపు నిండా మనుషులు. పొగలు కక్కుతున్న రేడియేటరు మూత చల్లారకముందే తిప్పాడట.

"గిది తొందర. నా చేతి మీద రాసుకున్న. నువ్వు రాసుకోకు" అన్నాడు.

నేను లెక్కల పంతులమ్మను. చెప్పేదాన్నే గాని, ఒకరు చెబితే వినడం నాకు చేతకాదు. మామ ఒకటే మాట నాలుగుసార్లు చెబుతుంటే విసుగొచ్చి, "అర్థమైంది మామా" అనేదాన్ని. "అర్థమైతే చాలది బిడ్డా, అలవాటు గావాలె" అనేవాడు. జగిత్యాలలో లైసెన్సు పరీక్ష రోజు నాకంటే ముందే వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. పాసై వచ్చి నవ్వితే, "వాళ్లిచ్చిండ్రు. నేనింక ఇయ్యలే" అన్నాడు. ఇంటికెళ్లే దాకా నాకు మొహం మాడిపోయింది.

సిరిసిల్లలో మామ ఉండే గల్లీలో సాంచెలు పొద్దంతా నడుస్తుంటాయి. బట్ట నేసే ఆ మిషన్ల చప్పుడులో మనిషి మాటే వినబడదు. అందుకని మామ బండిని ఊరి బయటికి తీసుకుపోయి, చెట్టు కింద ఆపి, ఇంజను నడుస్తుండగా కళ్లు మూసుకుని వినేవాడు. నేను అక్కడికి పోయినప్పుడల్లా నన్నూ కూర్చోబెట్టి వినమనేవాడు. నాకు ఏ తేడా తెలిసేది కాదు. మామకు బెల్టు వదులైతే తెలిసేది.

దసరాకు బండి పూజ చేస్తే వచ్చి పక్కన నిలబడేవాడు. పసుపు కుంకుమ పెట్టనిచ్చేవాడు. ముందు అద్దానికి అడ్డంగా పూలదండ కడితే మాత్రం విప్పేసేవాడు, ఎవరు కోప్పడినా సరే. హారతి పళ్లెం పెట్రోలు టాంకు దిక్కు రాకుండా తన చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నిమ్మకాయ టైరు కింద నలుగుతది. గాలి నువ్వే చూస్కోవాలె" అనేవాడు.

బంకు దగ్గర మామ నియమాలు వేరు. ఇంజను ఆపాలి. ఫోను సంచిలో పడెయ్యాలి. పక్కవాడి నోట్లో బీడీ ఉంటే, వాడెవడైనా సరే, బయటికి పంపాలి. పంపు టక్కున ఆగిన తర్వాత ఇంకో చుక్క కూడా పొయ్యనియ్యొద్దు. "కడుపు నిండినోనికి ఇంకో ముద్ద పెడితే ఏమైతది? కక్కుతడు" అనేవాడు. ఎవరి మోటారుసైకిలుకో అని సీసాలో పెట్రోలు పట్టి కారులో పెట్టుకోవడం మా దిక్కు అందరికీ అలవాటు. మా ఆయన తమ్ముడు ఒకసారి అట్లా పెడితే, మామ ఆ సీసా తీసి అతని చేతిలోనే పెట్టి, నడిచి పొమ్మన్నాడు. అతను మామతో ఏడాది మాట్లాడలేదు.

ఇన్ని తెలిసిన మనిషి దగ్గర నేర్చుకుని కూడా నేను చేసిన పని చూడండి. నడపడం వచ్చిన కొత్తలో కథలాపూర్ దగ్గర ఒక బంకులో ఆగాం. మామ గాలి పంపు దగ్గరికి వెళ్లాడు. ముందూ వెనకా ట్రాక్టర్లు, డబ్బాలతో రైతులు. ఏం పొయ్యాలని అడిగితే నా నోట్లోంచి "డీజిల్" అని వచ్చింది. మాది పెట్రోలు బండి. చిన్నప్పుడు సెలవులకు సిరిసిల్ల పోయి మామ జీపు వెనక సీట్లో కూర్చుని, బంకుకు వచ్చినప్పుడల్లా విన్న మాట అది. పోశాడు. డబ్బులిచ్చి తాళం మీద చెయ్యి వేశాను. పంపు దిక్కు చూసిన మామ అంత దూరం నుంచి అరిచాడు.

"చెయ్యి తియ్యి! తాళం తిప్పకు!"

మామ నా మీద గొంతు ఎత్తింది ఆ ఒక్కసారే. ఇంజను తిప్పితే డీజిల్ లోపలికంతా పోయేదట, తిప్పకపోతే టాంకు వరకే నష్టమట. రైతులు నలుగురు కలిసి బండిని పక్కకు నెట్టారు. మెకానిక్ వచ్చి టాంకు ఖాళీ చేసేదాకా రెండు గంటలు ఎండలో కూర్చున్నాం. నేను తల ఎత్తలేదు. మామ పల్లీలు కొనుక్కొచ్చి ఒలిచి నా చేతిలో పోస్తూ, "తప్పు నీది గాదు బిడ్డా. ఇరవై ఏండ్లు నీ చెవుల డీజిల్ పోసింది నేనే గద" అన్నాడు.

మరుసటి ఆదివారం తెల్ల పెయింటు, సన్న కుంచె తెచ్చుకున్నాడు. టాంకు మీది చిన్న తలుపు తెరిచి, దాని లోపలి పక్క రాశాడు. మామ చదివింది ఐదో తరగతి. అక్షరాలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. "బిడ్డా, పెట్రోలు. నిమ్మలంగ చెప్పు." నాకు సిగ్గేసింది. లోకమంతా చదువుతుంది, చెరిపెయ్యి మామా అన్నాను. చెరపలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకసారి మా ఆయనతో ఫోనులో గొడవపడి, ఏడుస్తూనే బండి తీశాను. పక్కన మామ ఉన్నాడు. వంద గజాలు పోకముందే ఆపించాడు. "అద్దానికి వైపరున్నది, కండ్లకు లేదు. పక్కకు పెట్టు. ఏడ్చుడు అయినంక పోదాం" అన్నాడు. ఎందుకని అడగలేదు. నేను సిరిసిల్లకు బయల్దేరుతున్నానని ఫోను చేస్తే ఎప్పుడూ ఒకటే మాట: "పైలంగ రా. లేటైతే అయితది. నేనేడికి పోతున్న?"

ఆ రోజు జగిత్యాల నుంచి కోరుట్లకు వచ్చి అమ్మను ఎక్కించుకునేసరికే పన్నెండు దాటింది. అమ్మ వెనక సీట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను గేర్లు మారుస్తున్నాను, గుంతలు తప్పిస్తున్నాను. అమ్మకు తమ్ముడి మొహం చూపించాలి, రెండింటిలోపల. తలలో అది తప్ప ఏమీ లేదు. కథలాపూర్ దాటాక చూస్తే పెట్రోలు ముల్లు అడుగుకు వచ్చింది. సగానికి తగ్గనియ్యొద్దని మామ చెప్పేవాడు. వారం నుంచి రేపు, రేపు అనుకుంటూ తిరిగాను.

రుద్రంగి దగ్గర బంకులో ఆపాను. ఇంజను ఆపాను, ఫోను సంచిలో వేశాను. నా వయసామె ఒకామె పంపు పట్టుకుని వచ్చింది. "ఏం పొయ్యాలె?" అంది.

"డీజిల్" అన్నాను. "ఫుల్."

ఆమె టాంకు తలుపు తెరిచింది. తర్వాత ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "బిడ్డా... పెట్రోలు... నిమ్మలంగ చెప్పు." కిటికీలోకి వంగి, "మేడం, పెట్రోలని రాసున్నది గదా? ఎవలు రాసిండ్రు?" అంది.

నాకు అప్పుడు తెలిసింది. పొద్దున ఫోనులో విన్నది అప్పుడు తెలిసింది.

పెట్రోలు పోయించుకుని బండిని బంకు చివరికి తీసి ఆపాను. కళ్లు కనబడటం లేదు. టైము ఒంటిగంట దాటింది. ఇంకా వేములవాడ దాటాలి. అట్లాగే పోతే అందుకుంటామేమో. తాళం మీద చెయ్యి ఉంది. అమ్మ వెనక నుంచి నా భుజం పట్టుకుంది. ఏడుపు ఆపి, "నిమ్మలపడు బిడ్డా. అయినంక పోదాం. వాడేం అనడు" అంది. నేను ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. ఆ సేపంతా అమ్మ తన తమ్ముడి మొహం చూసే టైములోంచి నాకిచ్చింది. అది నేను మరిచిపోను.

సిరిసిల్లలో గల్లీకి చేరేసరికి సాంచెలు ఆగి ఉన్నాయి. ఆ గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. వాకిట్లో ఆడవాళ్లు నీళ్లు కొట్టి ఊడుస్తున్నారు. "ఇప్పుడే లేపిండ్రు, మానేరు దిక్కు పోయిండ్రు" అన్నారు. నేను బండి తిప్పాను. తొందరపడలేదు. తొందర ఎట్లా ఉంటుందో మామ చేతి మీద చూశాను.

దారిలో డప్పులు ఆగిపోయి కనబడ్డాయి. శ్మశానానికి సగం దారిలో పాడె దింపి, చనిపోయినవాళ్లను చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఏమో, ప్రాణం ఉందేమోనని. దింపుడు కల్లం అంటారు. అక్కడ దించారు. నేను బండిని రోడ్డు దిగి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, అద్దంలో వెనక చూసి తలుపు తీశాను. మామ కొడుకు మమ్మల్ని చూసి అందరినీ పక్కకు జరిపాడు.

అమ్మ వంగి, "తమ్మీ" అని పిలిచింది. మూడుసార్లు.

నన్నూ పిలవమన్నారు. మోకాళ్ల మీద కూర్చుని, మామ చెవి దగ్గర నోరు పెట్టి, "మామా, వచ్చిన. పైలంగనే వచ్చిన" అన్నాను. మూడుసార్లు అదే అన్నాను. లైసెన్సు ఇస్తాడేమోనని చూసినట్టు మొహంలోకి చూశాను. తర్వాత లేపారు.

రెండు నెలలైంది. బడికి పోతున్నాను, వస్తున్నాను. చాలా రోజులు ఏమీ అనిపించదు. మొన్న బండి కడగడానికి ఇస్తే, టాంకు తలుపు లోపల పెయింటు గీతలున్నాయి, గీకెయ్యమంటారా అని అడిగారు. వద్దన్నాను, అవసరమైనదానికంటే గట్టిగా.

ఇప్పుడు బంకులో ఏం పొయ్యాలని అడిగితే నేను చెప్పను. "తలుపు తీసి చూడండి, రాసుంది" అంటాను. కొందరు మనసులో చదువుకుని పోసేస్తారు. కొందరు పైకి చదువుతారు. వాళ్ల నోట ఆ మొదటి మాట వచ్చేదాకా, ఇంజను ఆపేసి, కిటికీ అద్దం దించుకుని కూర్చుంటాను.