ఈతగాడి పెళ్ళాం వెర్నా

వెర్నా వర్జీనియా తీరాన పీతలు పట్టేవాళ్ళ ఇంట పుట్టింది. ఆరో తరగతితో బడి మానేసి వలలు బాగుచేస్తూ పెరిగింది. నౌకాదళంలో ఈతగాడైన డేల్‌ని చేసుకుని, ఆ ఈతగాళ్ళ కుటుంబాలే ఉండే వీధిలో కాపురం పెట్టింది. అంతరిక్షానికి పోయి వచ్చినవాళ్ళ పేర్లు దేశమంతా తెలుసు. వాళ్ళ నౌక సముద్రంలో పడగానే హెలికాప్టర్‌లోంచి దూకి, అది మునగకుండా చుట్టూ రబ్బరు పట్టీ కట్టి గాలి నింపేవాళ్ళ పేర్లు మాత్రం ఆ వీధి దాటేవి కావు.

అందుకే నౌక దిగే రోజున ఆడవాళ్ళంతా వంతులవారీగా ఒకరింట్లో చేరి టీవీ చూసేవారు. తెరమీద ముఖాలు కనబడవు. అయినా దూకే తీరు చూసి మావాడంటే మావాడని పోట్లాడుకునేవారు. పందొమ్మిది వందల అరవై ఆరు వేసవిలో ఆ వంతు వెర్నాకి వచ్చింది.

అంతకుముందు చలికాలంలోనే, సాధన చేస్తుండగా, అలకి ఎగిరిన ఉత్తుత్తి నౌక తలకి తగిలి డేల్ పోయాడు. ఈతకి వాడే అతని కాలి తొడుగులు ఇంకా వరండాలో వేలాడుతూనే ఉన్నాయి. ఎవరు తీసెయ్యమన్నా వెర్నా తియ్యలేదు. వంతు సంగతి ఆమె దగ్గర ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు పొద్దున కిటికీలోంచి చూస్తే అందరూ హెస్టర్ ఇంట్లోకి వెళ్తున్నారు. హెస్టర్ మొగుడు దళానికి పెద్ద.

వెర్నా పీతమాంసంతో వండినది పొయ్యిలోంచి తీసి, పళ్ళెంతో వెళ్ళి తలుపు తట్టింది.

"నీకు బాధగా ఉంటుందనే చెప్పలేదమ్మా," అంది హెస్టర్, తలుపు సగమే తీసి.

"నా బాధ నేనే మోసుకొచ్చాను, మీకేం బరువు? జరగండి, చేతులు కాలుతున్నాయి."

వెర్నా లోపలికి నడిచింది. కొత్త పెళ్ళికూతురు జోలీన్ ముడుచుకుని కూర్చుంది. ఆమె మొగుడు దూకడం ఇదే మొదలు. వెర్నా ఆమె పక్కకి వెళ్తుంటే ఎవరో, "అక్కడొద్దులే, ఇటు రా" అన్నారు.

"ఏం, నాది అంటుకునే జబ్బా?" అని వెర్నా అక్కడే కూర్చుంది.

పారాచూట్ కింద ఊగుతూ నౌక నీళ్ళలో పడింది. ముగ్గురు దూకారు. ఇద్దరే తేలారు. గదిలో ఒక్కరూ తెర వైపు చూడలేదు. అందరూ వెర్నాని చూశారు.

"నన్ను చూస్తారేం? నీళ్ళలో ఉన్నది నేనా? ఆ మూడోవాణ్ణి చూడండి."

జోలీన్ ఆమె చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుంది. వెర్నా లాక్కోలేదు. కాసేపటికి నౌకకి అవతలి పక్క నుంచి ఒక చెయ్యి లేచింది. ఆ రోజు ఎవరూ మావాడని పోట్లాడుకోలేదు.

వెర్నా లేచి పళ్ళెం మీద మూత తీసింది. "తినండి, చల్లారిపోతోంది. వచ్చేసారి మా ఇంట్లో. భయమున్నవాళ్ళు ఎవరింట్లో వాళ్ళు గొళ్ళెం పెట్టుకుని చూసుకోండి."

ఆకులు రాలే కాలానికి ఇంకో నౌక దిగే రోజు వచ్చింది. వెర్నా ఉన్న కుర్చీలన్నీ వేసింది. అందరికంటే ముందు జోలీన్ వచ్చింది, చిన్నగా కనబడుతున్న కడుపుతో. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. పారాచూట్ విచ్చుకున్నాక హెస్టర్ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నన్నూ రానిస్తావా?"

"వచ్చి తలుపెయ్యండి. ఇల్లంతా ఇసుకవుతోంది," అంది వెర్నా.