గంజి కారిన జెండా

ఆత్మారాం ప్రతి పనికీ దాని వేళకంటే ముందే చెయ్యి చాచే మనిషి. పెండ్లిలో తెర తొలగకముందే జీలకర్ర బెల్లాన్ని పురోహితుని నెత్తిన అద్దినవాడు. తెరచాటున ఉన్న వధువు రేణుకమ్మ, ఈ మనిషిని ఒక కంట కనిపెట్టుకొని ఉండాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నది.

పందొమ్మిది వందల అరవైలలో ఆ దంపతులు బోధన్‌లో, ఫ్యాక్టరీకి చెరకు తెచ్చే బండ్లు బారులు తీరే బాట పక్కన, భోజనాల పాక నడిపేవారు. వంట రేణుకమ్మది, గుంజకు జెండాగా, పసుపులో ముంచిన గుడ్డ ఎక్కించడం ఆత్మారాంది. జెండా ఎగిరిందంటే అన్నం సిద్ధమైనట్లు. దూరాన ఉన్న బండివాళ్లు దాన్ని చూసి, ఎడ్లను పక్కవారికి అప్పగించి, వరుస విడిచి వచ్చేవారు.

అయితే బియ్యపు గుండిగ పొయ్యి మీదికి ఎక్కగానే ఆత్మారాం జెండానూ ఎక్కించేవాడు.

“గుండి ఇంక కుతకుత అననే లేదు, గప్పుడే ఎందుకెక్కించినవ్?” అని రేణుకమ్మ గరిటె ఎత్తేది.

“ఆల్లు నడిచి అచ్చేదాంక ఉడుకుతది. నా లెక్క సక్కగనే ఉంది గదనే!”

లెక్క చక్కగానే ఉండేది. కట్టెలు తడిసిన రోజున మాత్రం పొయ్యి దానిని పాటించేది కాదు. అలాంటి ఒకనాడు, ఖాళీ విస్తరి ముందు కూర్చున్న బండి దేవన్న లేని ముద్దను కలిపి నోట్లో పెట్టుకొని, “ఆత్మారామన్నా, ఉప్పు జర తక్కువైంది” అన్నాడు. పాక గొల్లుమన్నది. ఈలోగా వరుస కదిలిపోయి, వాళ్ల బండ్లన్నీ వెనుకబడ్డాయి.

ఆ బండ్లు చెంచురామయ్యవి. కోస్తా నుండి వచ్చి కాలువ కింద చెరకు పండిస్తున్న ఆసామి ఆయన.

“చూడు ఆత్మారామూ, రేపు కూడా మావాళ్లకు ఖాళీ ఆకులు చూపించావంటే, ఎదుటి పాకకే పంపిస్తా. నీ జెండాకు నువ్వే దండం పెట్టుకుందువుగాని.”

ఆత్మారాం ముఖం వాడిపోయింది. చెంచురామయ్య మనుషులు రాకపోతే పొయ్యి వెలిగించి లాభం లేదు. జెండా పని తాను తీసుకుంటే భర్త మనసు విరుగుతుందని కూడా రేణుకమ్మకు తెలుసు. మరునాడు ఆమె గుంజ జోలికి పోలేదు. పసుపుగుడ్డను మాత్రం నడుమున దోపుకొన్నది.

“నా జెండా ఏదే?”

“గంజి వంపెటందుకు గుడ్డ లేదు. గుండి మూతికి గిదే కడుత. వంపినంక తీస్కపో.”

పప్పు దిగింది. పచ్చడి అయింది. ఆకులు పరచి, నీళ్లు పెట్టి, అన్నిటి తరువాత రేణుకమ్మ అన్నం వార్చింది. అంతసేపూ పొయ్యి చుట్టూ గింగిరాలు తిరిగిన ఆత్మారాం, ముడి విప్పీ విప్పకముందే గుడ్డ లాక్కొని పరుగెత్తాడు. పైకెక్కుతున్న జెండా నుండి వేడిగంజి అతని బట్టతల మీద ధార కట్టింది.

“అవ్వో!”

ఆ కేకకు, వరుసలో జెండా చూడనివాళ్లు కూడా చూశారు.

దేవన్న విస్తరిలోకి అనుమానంగా వేలు పెట్టాడు. “అరె, గిది నిజంగనే అన్నం! గుడ్డ పసుపు దిగి పచ్చగ పులిహోర లెక్కుంది!”

చెంచురామయ్య మారు వడ్డించుకొని, “రేపు కూడా ఇక్కడికే వస్తాం” అన్నాడు.

ఎండకు గంజి బిగిసి, గాలి లేకున్నా జెండా పలకలా నిలిచింది. రెండో గుండి వార్చడానికి దాన్ని దింపక తప్పలేదు; కనుక మొదటి గుండి అయిపోయాక కూడా ఎగిరే జెండాను చూసి మోసపోయినవారూ లేరు.

సాయంత్రం రేణుకమ్మ భర్త నెత్తికి వెన్న రాసింది.

“గంజి పెడితె జెండా మంచిగ కనవడ్తదని నేను ముందే అనుకున్న” అన్నాడు ఆత్మారాం.

“ఎప్పుడు?”

“నువ్వు అనుకున్నదాని కంటె ముందే!”

ఆమె ఇంకొంచెం వెన్న తీసుకొన్నది.