అక్కదేవతల సారు

మా సారు పోయారు. పోయిన మంగళవారం తెల్లారేసరికి ల్యాండ్‌లైన్ మోగింది. కర్నూలు నుంచి కబురు. కాలేజీలో నాకు తెలుగు చెప్పిన మనిషి, రిటైరయ్యాక అక్కదేవతల కోసం ఊరూరా తిరిగిన మనిషి. వంకల దగ్గర, బావుల దగ్గర ఏడు రాళ్లుగా కొలువుండే ఆ అక్కచెల్లెళ్లు మెచ్చితే పిల్లల్ని కాస్తారనీ, అలిగితే జ్వరం తగిలిస్తారనీ మన పల్లెల్లో చెప్పుకుంటారు. ఆ కథలన్నిటినీ ఒక పుస్తకంగా తేవాలన్నదే ఆయన కోరిక.

ఆత్మకూరు అడవి అంచు నుంచి కోడుమూరు చేల దాకా ఒక్కరే తిరిగారు. చేతిసంచి కూడా ఎవరినీ పట్టుకోనిచ్చేవారు కాదు. నేను రాసిపెడతానంటే, "నా చెవిన బడింది నా చేత్తోనే రాయల్ల" అనేవారు. ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది.

కోడుమూరు దగ్గర నేను కాపురముంటున్న మా అత్తగారి ఊళ్లో అక్కదేవతల పూజ ఆడవాళ్లదే. మగవాళ్లు గట్టు దాటి రాకూడదు. సారు మర్నాడు వెళ్లి చూసి రాసుకునేవారు. ఏటా ఏడు రాళ్లకు ఆరు రవికెగుడ్డలే కనిపించేవి. చిన్నచెల్లెలిని అక్కలు వెలివేశారని, అందుకే ఆమెకు గుడ్డ పెట్టరని తేల్చేశారు. వ్యాసం రాసి సభలో కూడా చదివారు.

ఆ సంగతి చెబితే మా అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. చిన్నచెల్లెలంటే ఊరికి ప్రాణమట. ఆమెకు పెట్టిన గుడ్డతో ఆ ఏడాది పుట్టిన బిడ్డకు చొక్కా కుడతారట. అందుకే అది రాయి మీద మిగలదు. నేను వెళ్లి సారుకు చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది. రెండు నెలలు మా ఇంటి వైపు రాలేదు.

వచ్చేసరికి ఆయన చూపు బాగా మందగించింది. తను రాసింది తనే చదువుకోలేకపోతున్నారు. పుస్తకం ఆగిపోతుందన్న భయం ముఖంలోనే కనిపించింది. గడప దగ్గర నిలబడి మా అత్తతో అన్నారు.

"అమ్మా, పన్నెండేండ్లు తప్పు రాసుకుంటా తిరిగినా. ఇప్పుడు కండ్లు ఆనడం లేదు. నువ్వు చెప్తే ఈ పాప రాస్తాది. నాకు సాయం చెయ్యల్ల."

సాయం అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది.

"ముందే అడిగింటే ఇంత తిరుగుడు తప్పుతాండె గదప్పా" అంటూ మా అత్త చాప పరిచింది. మిగతా ఆడవాళ్లతో మాట్లాడి, పూజ దగ్గరికి సారును రానివ్వకపోయినా ఇంట్లో కూర్చుని కథ చెప్పొచ్చని వాళ్లను ఒప్పించింది.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం వచ్చేవారు. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. నా కలం వెనకబడితే ఆ చప్పుడును బట్టే కనిపెట్టి, చెయ్యెత్తి ఆమెను ఆపేవారు. వెళ్లేటప్పుడు సంచి నాకిచ్చి, నా మోచెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిచేవారు. "ఇట్ల నడిచేది ముందే నేర్చుకునింటే ఇంకా శానా ఊర్లు చూసింటి" అన్నారొకసారి. ఆయన దగ్గర నేర్చుకున్న పాఠాలన్నిటిలో నాకు ఎక్కువ గుర్తున్నది ఇదే.

ఇక ఒక్క కథ మిగిలింది. ఆ మంగళవారానికి ముందు శుక్రవారం అది సగంలో ఉండగా బస్సు వేళయింది. మిగతాది వచ్చే వారం విందామని లేచారు.

కబురందుకుని మేము వెళ్లేసరికి కర్నూలులో ఆయన ఇంటి ముందు జనం నిండిపోయారు. మా అత్త వాళ్లను తప్పించుకుని వెళ్లి, ఆయన తల దగ్గర కూర్చుంది. "మిగిలింది కూడా విను సారూ" అని, ఆ సగం నుంచి కథ అందుకుంది. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. నా కలం వెనకబడినప్పుడల్లా ఆమె తనంతట తానే ఆగింది.